మొక్కజొన్నలో స్వల్పకాలిక హైబ్రిడ్: ఏ రోజులు తగ్గించాలి, ఏ రోజులు ముట్టకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చివరి మంచు పోయాక మళ్లీ మొదటి మంచు పడేలోపు మీకు నూరు రోజులు అటూ ఇటూగా దొరుకుతాయి. బాగా కాసే హైబ్రిడ్ వేస్తే గింజ పాల దశ దాటకముందే మంచు కొట్టేస్తోంది. నలభై అయిదు రోజులకే పూతకొచ్చే పాత రకం వేస్తే పండుతోంది గానీ కండె బొటనవేలికి కాస్త పెద్దది, అంతే. రెండింటినీ కలిపారు. మొదటి ఏడు పంట ముచ్చటగా ఉంది. దాని గింజ దాచి వేస్తే రెండో ఏడు చేనంతా తలో దారి పట్టింది. తొందరగా పండే హైబ్రిడ్‌ను సొంతంగా తయారు చేసుకోవచ్చా, ఎన్నేళ్లు పడుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

చేసుకోవచ్చు. ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పని ఇదే. రెండో ఏటి సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నది. మొదటి తరంలో కనిపించిన జోరు సంకర తేజం. ఆ మొక్కలు వాటిలో అవి కలిసి గింజ కట్టగానే ఆ తేజంలో సుమారు సగం పోతుంది, జన్యువులన్నీ చెదిరి ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది. మీ తప్పేమీ లేదు. హైబ్రిడ్ విత్తనం ఏటేటా రెండు స్థిరమైన తల్లిదండ్రుల నుంచి కొత్తగా తీయాల్సిందే. 1908లో షల్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇదే చూపించాడు: మొక్కజొన్నను దాని పుప్పొడితోనే తరాల తరబడి గింజ కట్టిస్తే గిడసబారిన, స్థిరమైన వంశాలు వస్తాయి. అలాంటివి రెండు కలిపితే తేజం తిరిగొస్తుంది. ఆ స్థిర వంశాలనే ఇన్‌బ్రెడ్‌లు అంటాం.

ఇక అసలు విషయం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తొందరగా పండటాన్ని ఒకే గుణం అనుకుంటారు, అన్నిటికంటే ముందు పూసిన మొక్కను ఎంచుకుంటూ పోతారు. నాలుగైదు తరాలకు చేతిలో మిగిలేది మీ దగ్గరున్న పాత రకం లాంటిదే, మోకాలెత్తు మొక్క, పిడికెడు గింజ. మొక్కజొన్న కాలాన్ని మూడు ముక్కలుగా చూడాలి. మొలక నుంచి పీచు వచ్చేదాకా ఒకటి. పీచు నుంచి గింజ అడుగున నల్లచార పడేదాకా రెండోది. నల్లచార నుంచి గింజ ఆరి కోతకు వచ్చేదాకా మూడోది. గింజలోకి పిండి చేరేదంతా రెండో ముక్కలోనే. దాన్ని కుదించారంటే నేరుగా దిగుబడిని కోసుకున్నట్టే. అందుకని తగ్గించే రోజులన్నీ వీలైనంత వరకు మొదటి ముక్కలో, మూడో ముక్కలో తగ్గించాలి. మధ్య ముక్కను వీలైనంత కాపాడుకోవాలి. నేను కింద చెప్పేవన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

ముందుగా రోజుల లెక్క మానేయండి. మొక్కజొన్నకు క్యాలెండర్ తెలియదు, వేడి తెలుసు. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత, రాత్రి కనిష్ఠం కలిపి రెండుతో భాగించి, అందులోంచి 10 తీసేస్తే ఆ రోజు వేడి యూనిట్లు వస్తాయి. గరిష్ఠం 30 డిగ్రీలు దాటినా 30గానే లెక్క, కనిష్ఠం 10కి కిందికి పోయినా 10గానే లెక్క. గరిష్ఠం 26, కనిష్ఠం 12 ఉన్న రోజు 9 యూనిట్లు ఇస్తుంది. గరిష్ఠం 34, కనిష్ఠం 18 ఉన్న రోజు 30నీ 18నీ కలిపి చూస్తే 14 ఇస్తుంది. నూరు రోజుల కాలం ఉన్న రెండు చోట్లలో ఒకచోట 900 యూనిట్లు పోగవ్వచ్చు, ఇంకోచోట 1200. మొదటిచోట బాగా తొందరవి కూడా అంచు మీద నడుస్తాయి, రెండోచోట మంచి హైబ్రిడ్‌కు కూడా చోటుంది. చాలా త్వరగా పండే హైబ్రిడ్‌లకు విత్తిన దగ్గర్నుంచి నల్లచార దాకా సుమారు 1000 నుంచి 1100 యూనిట్లు కావాలి, నిండు కాలం తీసుకునేవాటికి 1500 చుట్టుపక్కల. కెనడాలోని ఒంటారియోలో పగటికీ రాత్రికీ వేరువేరు సూత్రాలతో ఇంకో లెక్క వాడతారు, చల్లటి ప్రాంతాలకు అది కొంచెం దగ్గరగా వస్తుంది. ఏ లెక్కైనా ఫర్వాలేదు, ఒకదాన్నే పట్టుకోండి. గత పదేళ్ల ఉష్ణోగ్రతలు సంపాదించి మీ నేల మీద పదేళ్లలో ఎనిమిదేళ్లు ఖాయంగా దొరికే యూనిట్లు ఎన్నో తేల్చుకోండి. సగటు మీద పెంపకం చేస్తే రెండేళ్లకోసారి పంట మంచుపాలే.

విత్తన సంచి మీద 80 రోజులనో 95 రోజులనో రాసి ఉంటే అవి నిజమైన రోజులు కావు. ఒకే రోజు కోసినప్పుడు గింజలో మిగిలిన తేమను బట్టి తెలిసిన రకాలతో పోల్చి ఇచ్చిన అంకెలవి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పద్ధతిలో 100 నుంచి 900 దాకా ఇచ్చే తరగతులు కూడా పోలికలే. 200 అంటే 200 రోజులని కాదు.

మొదటి ముక్కకు వద్దాం. పూతకు ఎంత కాలం పడుతుందనేది ఎక్కువగా ఆకుల సంఖ్య మీద ఆధారపడుతుంది. మొగ్గ కొన ఎన్ని ఆకులు వేశాక జల్లుగా, అంటే మొక్క కొసన వచ్చే మగ పూతగా, మారాలో లోపల ముందే నిర్ణయమైపోతుంది. బాగా స్వల్పకాలికంలో 11 నుంచి 14 ఆకులు, నిండు కాలపు రకాల్లో 18, 20, ఉష్ణమండలపు వాటిలో అంతకు మించి. పదో ఆకు దాకా ఒక్కో ఆకు బయటికి రావడానికి సుమారు 45 యూనిట్లు పడుతుంది, ఆ తర్వాత ఇంకా త్వరత్వరగా వస్తాయి. అంటే రెండు మూడు ఆకులు తగ్గించగలిగితే చల్లటి చోట వారానికి పైగా కలిసొస్తుంది.

ఆకులు లెక్కపెట్టడం తేలికే అనుకుంటారు, కాదు. జల్లు వచ్చేసరికి కింది ఆకులు ఎండి రాలి ఉంటాయి. పై నుంచి లెక్కపెట్టి పన్నెండు అని రాసుకుంటే అది అబద్ధపు లెక్క. నేను చేసేది ఇది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు అన్నిటికంటే కింది ఆకు చూడండి, దాని కొన గుండ్రంగా ఉంటుంది, మిగతావన్నీ సూదిగా ఉంటాయి. ఆ గుండ్రటి కొన ఆకే ఒకటి. అక్కణ్నుంచి అయిదో ఆకు మీద ఎర్ర రంగు చుక్క, అది ఎండకముందే పదో ఆకు మీద ఇంకో చుక్క. పూత సమయంలో పదో ఆకు నుంచి పైకి లెక్కపెట్టుకుంటే చాలు. వరసకు పది మొక్కలు ఇలా గుర్తు పెట్టండి. గంట పని. ఏళ్ల తరబడి నా దగ్గర పనిచేసిన అంకెల్లో ఇంతకంటే నమ్మకమైనది లేదు, ఎందుకంటే ఆకుల సంఖ్య వాతావరణానికి పెద్దగా ఊగదు, పూత తేదీ ఊగుతుంది.

ఈ గుణం వెనక ఒకే ఒక్క జన్యువు ఉంటే పని సులువయ్యేది. 2009లో 25 కుటుంబాలకు చెందిన దాదాపు 5000 వంశాలను పరీక్షించిన అధ్యయనం వచ్చింది. పూత కాలాన్ని నడిపేవి చిన్న చిన్న ప్రభావాలున్న స్థానాలు అనేకమని, అన్నిటికంటే పెద్దదాని ప్రభావం కూడా ఒకటిన్నర రోజు మించదని అందులో తేలింది. పేరున్నవి కొన్ని ఉన్నాయి. ఎనిమిదో క్రోమోజోము మీద వీజీటీ1 అనే చోటు అలాంటిది, కెనడాలోని గాస్పే ద్వీపకల్పం నుంచి వచ్చిన గాస్పే ఫ్లింట్ అనే అతి తొందరి రకంలో దాని తొందర రూపం ఉంది. విచిత్రమేమిటంటే అది జన్యువు కూడా కాదు. దూరంగా ఉన్న ఒక జన్యువును అదుపు చేసే మీట లాంటి ముక్క. పగటి నిడివికి స్పందించేది ఇంకొకటి, సీసీటీ10. ఉష్ణమండలపు మొక్కజొన్నను ఉత్తరాన పొడవాటి పగళ్లలో వేస్తే ఆకులు వేసుకుంటూనే పోయి పూతను మరిచిపోతుంది. దాన్ని మార్చిందీ జన్యువు ముందు భాగంలో దూరిన ఒక గెంతే డీఎన్‌ఏ ముక్కే. మెక్సికోలో బల్సాస్ నది లోయలో సుమారు 9000 ఏళ్ల కిందట మచ్చికైన మొక్క కెనడా దాకా పాకడానికి ఇలాంటి మార్పులు ఎన్నో పోగయ్యాయి. ఆ పోగు చేసినవాళ్లు అక్కడి ఆదివాసీ రైతులు. ఉత్తరాది ఎనిమిది వరసల ఫ్లింట్ రకాలు, అంటే గాజులా గట్టి గుండ్రటి గింజవి, వాళ్ల చేతి పనే. మనం వాడుకునే తొందరతనంలో పెద్ద భాగం వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే, అది గుర్తుంచుకోవడం మర్యాద.

చిన్న ప్రభావాలు చాలా ఉన్నాయనడంలో మీకు మేలే ఉంది. పూత కాలం బాగా వారసత్వంగా వచ్చే గుణం, ఒక్కొక్క మొక్కను కంటితో చూసి ఎంచుకున్నా తరువాతి తరంలో ఫలితం కనిపిస్తుంది. దిగుబడి అలా కాదు. ఒంటి మొక్క కండె చూసి మోసపోవడమే తప్ప దాని పిల్లలెలా కాస్తాయో చెప్పలేం. కాబట్టి తొందరతనం కోసం మొక్కల్ని ఎంచండి, దిగుబడి కోసం సంకరాల్ని పరీక్షించండి. ఈ రెండు పనులూ కలిపేయకండి.

ఆకులు తగ్గితే నష్టం లేదా అంటే ఉంది. ఎండను పట్టే పళ్లెం చిన్నదవుతుంది. దాన్ని మొక్కల సంఖ్యతో పూడ్చాలి. పెద్ద రకాలు ఎకరం తాలూకు ఎండను 24 నుంచి 28 వేల మొక్కలతో పట్టేస్తే, పొట్టి స్వల్పకాలికానికి 36 నుంచి 40 వేలు కావాలి. ఇక్కడే చాలామంది పెంపకం దారి తప్పుతుంది. వంశాలను ఎంచేటప్పుడు దూరదూరంగా వేసి, ఒక్కో మొక్కకు రెండు పెద్ద కండెలు చూసి మురిసిపోతారు. చేనులో దగ్గరగా వేశాక అవే మొక్కలు సగం గొడ్డువైపోతాయి, జల్లు వచ్చి పదిరోజులైనా పీచు రాదు. జల్లు పుప్పొడి రాల్చడానికీ పీచు బయటపడటానికీ మధ్య ఎడం దగ్గరగా వేసినప్పుడు ఎంతుందో చూడండి. రెండు రోజుల్లోపు ఉంటే దాచుకోండి, నాలుగు దాటితే ఎంత తొందరదైనా వదిలేయండి. మీ కాలం కురచ కావడానికి మంచు కాకుండా వర్షం కారణమైతే ఈ ఎడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే నీటి ఎద్దడిలో మొదట ఆగేది పీచే.

మొదటి ముక్కలో ఇంకో చోట కూడా రోజులు దొరుకుతాయి, అది ముందు వైపు. చల్లటి మట్టిలో ముందుగా విత్తగలిగితే కాలం దానంతట అదే పొడుగవుతుంది. మట్టి 10 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మొలవగలిగి, ఆ తర్వాత వచ్చే చల్లటి రెండు వారాల్లో ఆకు పాలిపోకుండా పెరిగే వంశాలు కావాలి. ఈ విషయంలో ఫ్లింట్ రకాలు, గింజ నెత్తిన గుంట పడే డెంట్ రకాల కంటే చాలావరకు మెరుగు. పరీక్ష చాలా తేలిక. చేని మట్టి కలిపిన తడి కాగితంలో గింజలు చుట్టి 10 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచి, ఆపైన 25 డిగ్రీల్లో మొలిపించండి. కుళ్లినవి ఎన్నో, పైకొచ్చినవి ఎన్నో లెక్క తేలిపోతుంది. మట్టి కలపడం మరిచిపోవద్దు. చల్లదనం కంటే ఆ చల్లదనంలో గింజను పట్టుకునే శిలీంధ్రాలే ఎక్కువ చంపుతాయి.

మధ్య ముక్క గురించి ఎక్కువ చెప్పను. పాల గీత, అంటే గింజలో గట్టిపడ్డ పిండికీ పాలకూ మధ్య గీత, ఎక్కడిదాకా దిగిందో చూసి అది ముగిసిందో లేదో తెలుసుకోవాలి. కండె మధ్య నుంచి ఒక గింజ పీకి, బెండుకు అతుక్కునే కొనను గోటితో గిల్లండి. లోపల పలుచని పొర గోధుమ రంగు నుంచి నలుపుకు మారి ఉంటే నల్లచార పడ్డట్టే, తల్లి నుంచి సరఫరా తెగిపోయింది, గింజ ఇక బరువెక్కదు. ఆ నాటికి గింజలో 30 నుంచి 35 శాతం తేమ ఉంటుంది. ఆ చార పడకముందే మంచు ఆకును చంపేస్తే గింజ తేలికగా, ముడుచుకుపోయి మిగులుతుంది. పడిన తర్వాత మంచు వచ్చినా గింజ బరువు పోదు.

మూడో ముక్కలో చాలామంది చూడని సొమ్ముంది. నల్లచార నుంచి 20 శాతం తేమ దాకా రావడానికి వెచ్చటి గాలిలో రోజుకు దాదాపు ఒక శాతం తగ్గుతుంది. చల్లబడ్డ చివరి వారాల్లో 0.3 శాతం దాటడం కష్టం. ఒకే రోజు నల్లచార పడిన రెండు హైబ్రిడ్‌లలో ఒకటి ఇంకోదానికంటే రెండు వారాలు ముందే కోతకు రావడం నేను చేతులతో తాకి చూశాను. తేడా అంతా పైతొడుగులో, బెండులో. కండె మీది పొరలు తక్కువగా, పలుచగా ఉండాలి. నల్లచార పడగానే అవి ఎండి విప్పుకోవాలి. కండె చివర మూసుకుపోకుండా ఉండాలి, బెండు సన్నగా ఉండాలి, కండె కిందికి వాలాలి. నేను వరసల మధ్య నడుస్తూ కండెను పట్టుకుని పొరల్ని బొటనవేలితో తోసి చూస్తాను. గాజు కాగితంలా గలగలమని వదులుగా కదిలితే ఆ మొక్కకు దారం కడతాను. తడి గుడ్డలా అంటుకుపోయి ఉంటే ముందుకు పోతాను. ఈ గుణానికి దిగుబడి ఏమీ చెల్లించక్కర్లేదు, అదే దీని అందం. మరీ పలుచనైతే పక్షులు పొడుస్తాయి, వాన నీరు లోపలికి దిగుతుంది. కాబట్టి కొస మాత్రం కాస్త కప్పి ఉంచేవే ఎంచండి.

ఇప్పుడు తల్లిదండ్రుల సంగతి. మీరు పాత రకాన్ని హైబ్రిడ్‌తో కలిపారు. హైబ్రిడ్‌తో కాకుండా మంచి ఇన్‌బ్రెడ్‌తో కలపండి. జన్యు నిల్వ కేంద్రాలు పాత, బహిరంగ ఇన్‌బ్రెడ్‌ల విత్తనం పంచుతాయి, వాటిని అడగండి. అంతకంటే ముఖ్యం, రెండు గట్లు, అంటే వేరువేరు పుట్టుక ఉన్న రెండు వంశాల గుంపులు, ఉండాలి. ఒక గట్టు వంశాలు ఇంకో గట్టు వంశాలతో కలిస్తేనే తేజం నిండుగా వస్తుంది, ఒకే గట్టులో కలిపితే చప్పబడుతుంది. తొందరతనాన్ని తెచ్చేటప్పుడు ఈ గట్టు చెరిగిపోకూడదు. అమెరికాలోని మిన్నెసొటాలో దీన్ని ఎంత శ్రద్ధగా చేశారో చూడండి. అయోవా స్టిఫ్ స్టాక్ అనే గట్టి కాండపు వంశాల కలయిక నుంచి వచ్చిన బీ14 మంచి వంశం, కానీ ఉత్తరానికి ఆలస్యం. దాన్ని ఎంటీ42 అనే తొందరి వంశంతో కలిపి, వచ్చిన పిల్లల్ని మళ్లీ మళ్లీ బీ14తోనే కలుపుతూ ఏ632ను తీశారు. రెండో గట్టులో ఓహెచ్43ను ఏ171తో కలిపి, తిరిగి ఓహెచ్43తో కలిపి ఏ619 తీశారు. రెండూ తల్లి గుణాన్ని చాలావరకు నిలుపుకున్నాయి, తొందరతనం మాత్రం కొత్తగా వచ్చింది. ఆ రెండింటి సంకరం ఉత్తరాది నేలల్లో బాగా పేరు తెచ్చుకుంది. ఐరోపాలో దారి వేరు. ఫ్రాన్స్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇన్రా లాకోన్ అనే ఫ్లింట్ రకం నుంచి ఎఫ్2, ఎఫ్7 వంశాలు తీసి, వాటిని అమెరికా డెంట్‌లతో జత చేసింది. ఫ్లింట్ చల్లదనాన్ని తట్టుకునే మొలకను, డెంట్ దిగుబడిని తెచ్చాయి. 1950ల చివరి నుంచి మొక్కజొన్న ఉత్తర ఐరోపాలోకి పాకింది ఈ జతతోనే. మీ పాత రకం గింజ గాజులా గట్టిగా, గుండ్రంగా ఉందంటే ఫ్లింటే, మీ జత కూడా ఇదే దారిలో ఉంచడం నయం.

అంటే చేయాల్సింది ఇది. పాత రకంతో ఒక మంచి ఇన్‌బ్రెడ్‌ను కలపండి. ఆ సంకరాన్ని అదే ఇన్‌బ్రెడ్‌తో ఒకసారి, కుదిరితే రెండుసార్లు తిరిగి కలపండి. ప్రతిసారీ 200 నుంచి 300 మొక్కలు పెంచండి. పీచు వచ్చిన రోజును బట్టి రంగు దారం కట్టండి, మొదటి రెండు రోజులకు ఎరుపు, తరువాతి రెండు రోజులకు పసుపు, అలా. తొందరగా పూసినవాటిలోంచి కాండం గట్టిగా ఉన్నవి, ఆకు పచ్చగా ఉన్నవి తీసుకోండి. ఒక చిక్కు మాత్రం ఉంది. తొందరవి పూసేనాటికి తిరిగి కలపాల్సిన ఆలస్యపు ఇన్‌బ్రెడ్ ఇంకా ఆకులేస్తూ ఉంటుంది. దాన్ని కుండీల్లో మూడు వారాలు ముందే లోపల పెంచి, రెండు మూడు విడతలుగా విత్తి పెట్టుకోవాలి. పుప్పొడి దొరక్క ఒక ఏడాది పనంతా పోగొట్టుకున్నాను నేను. అప్పటి నుంచి విడతలు మూడు కంటే తగ్గించలేదు.

తిరిగి కలపడం అయ్యాక, ఎంచిన మొక్కలను వాటి పుప్పొడితోనే గింజ కట్టించాలి. అందులో పరపరాగం రాకుండా చూసుకోవడం ఓపిక పని. పీచు కనిపించకముందే కండె మొగ్గకు సంచి తొడగాలి. పీచు రాబోతున్న సాయంత్రం ఆ మొగ్గ కొసను కత్తితో అడ్డంగా కోసి మళ్లీ సంచి వేస్తే, మర్నాటికి పీచంతా కుంచెలా సమానంగా లేచి నిలబడుతుంది. అదే మొక్క జల్లుకు ముందురోజు సాయంత్రమే సంచి కట్టి ఉండాలి. పొద్దున మంచు తడి ఆరగానే జల్లును సంచిలోపల విదిలించి ఆ పసుపు పొడిని కుంచె మీద చల్లి, సంచి తిరిగి కట్టేయాలి. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజ. పుప్పొడి పడని పోగు దగ్గర గింజ కట్టదు.

ఇలా స్థిరపరచడానికి అయిదారు తరాలు పడతాయి. ఏడాదికి ఒక్క కాలమే ఉంటే, తిరిగి కలపడంతో కూడి ఎనిమిది పదేళ్లు. వెచ్చటి చోట చలికాలపు నర్సరీ దొరికితే సగం. ఇంకో దారి ద్వి-ఏకస్థితి పద్ధతి, డబుల్డ్ హాప్లాయిడ్. 1959లో వెలుగులోకి వచ్చిన స్టాక్ 6 అనే వంశం పుప్పొడిని వేస్తే గింజల్లో కొద్ది శాతం తల్లి జన్యువులు ఒంటిసెట్టుతోనే పుడతాయి. వాటిని మొలకలో కాల్చిసిన్ అనే రసాయనంతో రెట్టిస్తే ఒక్క దెబ్బకు పూర్తి స్థిర వంశం. ఇప్పటి ప్రేరేపక వంశాలు 8 నుంచి 10 శాతం దాకా, ఇంకా ఎక్కువ కూడా ఇస్తాయి. గింజ నెత్తి ఊదా రంగులో ఉండి లోపలి బీజం తెల్లగా ఉంటే అది ఒంటిసెట్టు గింజ అని గుర్తు. కానీ ఫ్లింట్ నెత్తుటితో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక: కొన్ని ఫ్లింట్‌లలో ఆ ఊదా రంగును అణిచే జన్యువు ఉంటుంది, గుర్తే కనిపించదు. ముందు ఒక కండె మీద చూసుకోండి. కాల్చిసిన్ విషం. దాన్ని ఇంట్లో వాడొద్దు, ఎవరైనా పరిశోధనశాలవాళ్ల సాయం తీసుకోండి.

వంశాలు పూర్తిగా స్థిరపడేదాకా ఆగకుండా రెండో తరంలోనే వాటిని అవతలి గట్టు వంశంతో కలిపి చూడండి. ఎందుకంటే వంశం ఎంత అందంగా ఉన్నా సంకరంలో ఏమిస్తుందన్నదే లెక్క. పరీక్ష వరసలన్నీ ఒకే రోజు కోయండి. ప్రతి మడికీ రెండు అంకెలు రాయండి: దిగుబడి, కోసినప్పటి తేమ. అడ్డంగా తేమ, నిలువుగా దిగుబడి పెట్టి చుక్కలు వేయండి. చుక్కలన్నీ కుడివైపు పైకి ఎక్కే మబ్బులా కనిపిస్తాయి, ఎందుకంటే ఆలస్యానివి ఎక్కువ కాస్తాయి. ఆ మబ్బు మధ్యగా ఒక గీత గీయండి. మీకు కావాల్సింది గీతకు బాగా పైన, ఎడమవైపు ఉన్న చుక్క. అన్నిటికంటే ఎక్కువ కాసినది కాదు, అన్నిటికంటే తక్కువ తేమదీ కాదు. ఏటా కనీసం మూడు మడుల్లో వేసి, ఒకే హైబ్రిడ్ మూడేళ్లు గీతకు పైనే ఉందంటే దాన్ని నమ్మొచ్చు. ఒక్క ఏడు పైన ఉన్నది చాలాసార్లు అదృష్టమే.

ఇక్కడికి వచ్చినవాళ్లు కూడా కాలు తగిలి పడే రాయి ఒకటుంది. హైబ్రిడ్ దాని తల్లిదండ్రుల కంటే తొందరగా పూస్తుంది. సంకర తేజం పూతను కూడా ముందుకు లాగుతుంది. అదే ఇన్‌బ్రెడ్ నాలుగు నుంచి ఏడు రోజులు వెనకబడుతుంది, ఆరడమూ నెమ్మదే. అందువల్ల మీ నేల మీద హైబ్రిడ్ హాయిగా పండొచ్చు, కానీ దాన్ని పుట్టించే తల్లి వంశం అక్కడ పండకపోవచ్చు. పైగా గింజ కోసం వేసిన పంటకు మంచు తగిలితే నష్టం కొంతే. విత్తనం కోసం వేసినదానికి, గింజలో 20 శాతానికి మించి తేమ ఉండగా గట్టి మంచు తగిలితే బీజమే చచ్చిపోతుంది, చూడ్డానికి గింజ మామూలుగానే ఉంటుంది, మొలవదు. అందుకే విత్తనోత్పత్తి మీకంటే 200, 300 యూనిట్లు ఎక్కువ దొరికే చోట చేయడం మేలు. అలాంటి చోటు లేకపోతే తల్లి వంశాన్ని మీకు అవసరమనిపించిన దానికంటే ఇంకా ఒక మెట్టు తొందరగా చేయాలి. లేదా మూడు వంశాల సంకరం చేయండి. రెండు దగ్గరి వంశాల సంకరాన్ని తల్లిగా వాడితే అది బలంగా, తొందరగా ఉండి విత్తనం ఎక్కువిస్తుంది. చేను కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, పూత రెండు మూడు రోజులు ఎక్కువ పరుచుకుంటుంది. కురచ కాలంలో ఆ పరుపు మేలే, ఒక్క చలి రోజు పుప్పొడినంతా పాడు చేయలేదు.

విత్తన మడిలో నాలుగు వరసలు తల్లి, ఒక వరస తండ్రి. తండ్రిని వెనక విత్తాల్సి వస్తే రోజులు లెక్కపెట్టొద్దు. వసంతపు చలిలో అయిదు రోజులకు ఒక్క ఆకు కూడా రాదు. తల్లి మూడో ఆకు విప్పినప్పుడు అనో, ఇన్ని యూనిట్లు పోగైనప్పుడు అనో గుర్తు పెట్టుకోండి. తొందరి తండ్రి జల్లు చిన్నది, మూడు నాలుగు రోజుల్లో పుప్పొడి అయిపోతుంది. కాబట్టి సగం ముందు, సగం వెనక విత్తండి. తల్లి జల్లు పీకడంలోనూ స్వల్పకాలికానికి ప్రత్యేకమైన బాధ ఉంది. జల్లు ఇంకా ఆకు గొట్టంలో ఉండగానే కొన్ని పుప్పొడి రాల్చేస్తాయి, ఆలస్యం చేస్తే గింజ సొంతదైపోతుంది. తొందరపడి ఆకులతో సహా లాగేస్తే, ఉన్నవే పన్నెండు ఆకులు, రెండు పోతే విత్తనం దిగుబడి కనిపించేంత తగ్గుతుంది. రోజూ పొద్దున ప్రతి వరసలో నడవాల్సిందే. మగ వంధ్యత్వం, అంటే పనికొచ్చే పుప్పొడి రాని గుణం, ఉన్న తల్లి వంశాలు ఈ పనిని తప్పిస్తాయి. కానీ ఒకే వంధ్యత్వపు కణద్రవ్యం (తల్లి నుంచే వచ్చే కణం లోపలి పదార్థం) మీద అందరూ ఆధారపడితే ఏమవుతుందో 1970లో అమెరికాలో చూశారు: టీ రకం కణద్రవ్యం ఉన్న హైబ్రిడ్‌లను ఆకుమాడు తెగులు తుడిచిపెట్టింది, దేశం పంటలో సుమారు 15 శాతం పోయింది. వాడదలిస్తే సీ రకం వాడండి, చిన్న మడి అయితే చేత్తో పీకడమే మేలు.

మీ దగ్గర ఇప్పుడున్న రెండో ఏటి కలగాపులగపు విత్తనాన్ని పారేయకండి. అందులో తొందరతనం, పెద్ద కండె రెండూ చెదిరి ఉన్నాయి. ఈ కాలంలో దాన్ని 300 మొక్కలుగా, మీరు చేనులో వేసేంత దగ్గరగానే విత్తండి. అయిదో ఆకు, పదో ఆకు చుక్కలు పెట్టండి, పీచుకు దారాలు కట్టండి, 13 ఆకులకు మించనివాటిలో పీచు ఎడం తక్కువ ఉన్న ఓ ముప్పై మొక్కలకు సంచులు కట్టి సొంత పుప్పొడితో గింజ కట్టించండి. చివర్లో వాటి పైపొరల్ని తోసి చూసి, వదులుగా ఉన్న పది పన్నెండు కండెలు విడివిడిగా దాచండి. ఆ లోపు ఒక ఫ్లింట్, ఒక డెంట్ ఇన్‌బ్రెడ్ తెప్పించుకోండి. వచ్చే ఏడు ఆ కండెల పిల్లల్ని రెండింటితోనూ కలిపితే మీ పోగు ఏ గట్టుకు చెందిందో, ఎటువైపు తీసుకెళ్లాలో ఆ సంకరాలే చూపిస్తాయి. ఆకుల లెక్కలు, పీచు తేదీలు, రోజువారీ గరిష్ఠ కనిష్ఠాలు రాసుకుని ఇక్కడ పెట్టండి, వరస వరసా కలిసి చూద్దాం.